పేరు చెప్పేది, డెక్ చెప్పేది: విమానవాహక నౌకల గురించి

విమానవాహక నౌక ఫొటో ఏది కనబడినా నేను ముందు దాని ముక్కు వైపు చూస్తాను. ఆ తరువాత డెక్ మీద ఒక పక్కగా నిలబడి ఉండే కట్టడాన్ని, నౌకాదళాలవారు ఐలాండ్ అని పిలిచేదాన్ని చూస్తాను. పేరు చివర చదువుతాను. చాలా ఏళ్లుగా ఇదే వరుస అలవాటైపోయింది. ఆ నౌక ఏ విమానాన్ని ఎలా గాలిలోకి పంపగలదో డెక్ ఆకారం దాచకుండా చెబుతుంది. దానిని కట్టించినవారు లోకం ముందు ఎలా కనబడదలిచారో పేరు చెబుతుంది. ఈ రెండూ పొసగని చోట్లే నాకు ఎక్కువ ఆసక్తి, ఎందుకంటే అలాంటి కొన్ని నౌకల్లో పేరు కోసం ఉక్కు కూడా ఆకారం మార్చుకోవలసి వచ్చింది.

ముందు ముక్కు సంగతి. పెద్ద నౌకల్లో ముందు భాగం చదునుగా ఉంటే సాధారణంగా అక్కడ క్యాటపుల్ట్ ఉందని అర్థం. విమానం ముందు చక్రాన్ని పట్టి, రెండు మూడు సెకన్లలోనే గంటకు 250 కిలోమీటర్లకు మించిన వేగం అందించి వదిలిపెట్టే యంత్రం అది. ముక్కు పైకి వంగి ఉంటే అది స్కీ జంప్; విమానం తన ఇంజన్ల బలంతోనే పరుగెత్తి ఆ వంపు మీదుగా పైకి లేస్తుంది. వంపులో కదిలే భాగాలేవీ లేవు కాబట్టి చెడిపోయేది ఏమీ ఉండదు, ఖర్చూ తక్కువే. అయితే విమానం మోసుకుపోగల ఇంధనాన్నీ ఆయుధాలనూ తగ్గించుకోవాలి. అంతకంటే పెద్ద లోటు మరొకటి ఉంది. పెద్ద రాడార్‌ను వీపు మీద మోసే హాకై వంటి బరువైన ప్రొపెల్లర్ విమానాలను స్కీ జంప్ నౌకల మీద నడపడం లేదు; వాటి పనిని హెలికాప్టర్లు చేస్తాయి. హెలికాప్టర్ అంత ఎత్తుకు పోలేదు, అంతసేపు ఉండలేదు. కనుక ముక్కు వంపును బట్టి ఆ నౌకాసమూహం ఎంత దూరం చూడగలదో కూడా అంచనా వేయవచ్చు.

ఆవిరి క్యాటపుల్ట్ బ్రిటన్‌లో పుట్టింది. కాలిన్ మిచెల్ రూపకల్పన చేసిన ఆ యంత్రాన్ని 1950లో పెర్సియస్ అనే నౌక మీద పరీక్షించారు. దిగే విమానాల బాటను నౌక మధ్యరేఖకు కొంత ఏటవాలుగా తిప్పాలన్న ఆలోచన కూడా అక్కడిదే. దానిని 1951లో డెనిస్ క్యాంబెల్ ప్రతిపాదించాడు. నా దృష్టిలో విమానవాహక నౌకల చరిత్రలో ఇంతకు మించిన సులువైన, ఇంతకు మించిన గొప్ప మార్పు లేదు. అంతకుముందు డెక్ అంతా ఒకే తిన్నని బాట కావడంతో, దిగే విమానం కొక్కెం, దాన్ని ఆపడానికి డెక్ మీద అడ్డంగా కట్టిన తీగలకు తగలకపోతే ముందు వరుసలో నిలిపిన విమానాల మీదికే పోయేది. దానిని ఆపడానికి అడ్డంగా వల కట్టవలసి వచ్చేది. బాటను కొన్ని డిగ్రీలు పక్కకు తిప్పగానే, తీగ తప్పిన పైలట్ ఇంజన్ వేగం పెంచి తిరిగి గాలిలోకి లేచిపోగలిగాడు. అద్దాలతో, దీపాలతో దిగే కోణం చూపే పద్ధతి కూడా బ్రిటిష్ అధికారి నికొలస్ గుడ్‌హార్ట్ ఆలోచనే. ఇన్ని కనిపెట్టిన దేశపు అతి పెద్ద యుద్ధనౌక, 65,000 టన్నుల క్వీన్ ఎలిజబెత్, ఈనాడు స్కీ జంప్ ముక్కుతో, క్యాటపుల్ట్ లేకుండా తిరుగుతోంది. 2010లో క్యాటపుల్ట్ అమర్చాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఖర్చు లెక్క తేలాక 2012లో వెనక్కి తగ్గి, నిలువుగా దిగగల ఎఫ్-35బి విమానానికే కట్టుబడింది.

ఆవిరి స్థానంలో ఇప్పుడు విద్యుదయస్కాంత క్యాటపుల్ట్ వచ్చింది. 2017 జులైలో అమెరికా నౌకాదళంలో చేరిన జెరాల్డ్ ఆర్. ఫోర్డ్ దీనితో వచ్చిన మొదటి నౌక. ఆవిరి ఒక్కసారిగా కుదుపుతో తోస్తే, ఈ లీనియర్ మోటారు వేగాన్ని క్రమంగా పెంచుతూ పోతుంది. తేలికైన మానవరహిత విమానానికీ బరువైన యుద్ధవిమానానికీ తగినట్టుగా బలాన్ని మార్చుకోగలదు. విమానం శరీరం మీద ఒత్తిడి తగ్గుతుంది. ఒకేసారి ఇన్ని కొత్త వ్యవస్థలను ఒక నౌక మీద పేర్చడం తెలివైన పని కాదని నా అభిప్రాయం. క్యాటపుల్ట్, విమానాలను ఆపే యంత్రం, రియాక్టర్లు, రాడార్, ఆయుధాలను పైకి చేర్చే పదకొండు లిఫ్టులు అన్నీ కొత్తవే. ఆ లిఫ్టుల్లో చివరిది నౌకాదళం చేతికి అందేసరికి 2021 డిసెంబరు వచ్చింది. అంటే నౌక చేరిన నాలుగేళ్లకు పైగా గడిచాక. ఇక 2025 నవంబరులో చైనా నౌకాదళంలో చేరిన ఫుజియన్ అణుశక్తి లేకుండానే విద్యుదయస్కాంత క్యాటపుల్ట్‌ను నడుపుతోంది. ఇది అణునౌకలకే సాధ్యమని అప్పటిదాకా అనుకున్నవారిలో నేనూ ఒకడిని.

ఐలాండ్ విషయం క్లుప్తంగా చెబుతాను. అణునౌకకు పొగగొట్టం అక్కరలేదు కాబట్టి ఐలాండ్‌ను చిన్నదిగా చేయవచ్చు, వెనక్కి జరపవచ్చు. ఫోర్డ్‌లో అదే చేశారు. విమానాలకు ఇంధనం నింపి ఆయుధాలు అమర్చడానికి ముందు భాగంలో చోటు పెరిగింది. గ్యాస్ టర్బైన్లతో నడిచే క్వీన్ ఎలిజబెత్‌కు పొగ బయటికి పోయే దారులు కావాలి. యంత్రాలను రెండు చోట్లకు విడదీస్తే ఒక దెబ్బకు రెండూ పోవు. అందుకని రెండు ఐలాండ్లు వచ్చాయి, ముందుదాని నుంచి నౌకను, వెనకదాని నుంచి విమానాలను నడిపిస్తారు. దాదాపు అన్ని నౌకల్లోనూ ఐలాండ్ కుడి వైపునే ఉంటుంది. ఎడమ వైపు కట్టి చూసినవారు జపనీయులు, అకాగి, హిర్యూ అనే రెండు నౌకల్లో.

ఇప్పుడు పేరు డెక్‌ను మార్చిన కథకు వస్తాను. సోవియట్ నౌకా నిర్మాణకేంద్రం నల్ల సముద్రం పక్కన మికొలాయివ్‌లో ఉండేది. అక్కడ కట్టిన నౌక మధ్యధరా సముద్రంలోకి రావాలంటే టర్కీ జలసంధులు దాటాలి, వాటికి 1936 నాటి మోంట్రో ఒప్పందం ఉంది. నల్ల సముద్ర తీర దేశాల భారీ యుద్ధనౌకలకు ఆ ఒప్పందం దారి ఇచ్చింది, కానీ భారీ యుద్ధనౌక అనే నిర్వచనంలోంచి విమానవాహక నౌకలను తీసివేసింది. కనుక సోవియట్లు తమవాటిని విమానాలు మోసే భారీ క్రూయిజర్లు (ఫిరంగులతో, క్షిపణులతో పోరాడే యుద్ధనౌకలు) అన్నారు. క్రూయిజర్ అన్నాక పేరుకు తగ్గ పని కూడా ఉండాలి కదా! వాటిలో ఒకటైన కుజ్నెత్సోవ్ ముందు డెక్ కింద పన్నెండు గ్రానిత్ క్షిపణుల గొట్టాలు ఉండడానికి సోవియట్ యుద్ధవ్యూహం ఒక కారణమైతే, ఈ పేరుకూ అందులో పాలు ఉందని నేను అనుకుంటాను. ఆ గొట్టాలు ఆక్రమించిన చోటు విమానాలకు దక్కలేదు.

దానికంటే ముందు తరానికి చెందిన బాకు నౌకలో ముందు సగమంతా క్షిపణులే. అది అడ్మిరల్ గోర్ష్కోవ్ అయింది, తరువాత భారత నౌకాదళం కొనుక్కుంది. ఆ క్షిపణులను తొలగించి, ముక్కు మీద స్కీ జంప్ కట్టి, విమానాలను ఆపే తీగలు అమర్చాక, 2013 నవంబరు 16న అది విక్రమాదిత్యగా భారత నౌకాదళంలో చేరింది. క్రూయిజర్ అన్న పేరు తన మీద మోపిన బరువును దించుకోవడానికే దానికి అన్నేళ్లు, సుమారు 235 కోట్ల డాలర్లు పట్టాయని నేను సరదాగా అంటుంటాను. కుజ్నెత్సోవ్ తోబుట్టువు, అంటే అదే నమూనాలో కట్టిన రెండో నౌక, కథ మరీ విచిత్రం. రీగాగా మొదలై వర్యాగ్‌గా మారి, సోవియట్ యూనియన్ కూలిపోవడంతో సగంలో ఆగిపోయి, 1998లో తేలియాడే జూదశాల చేస్తామన్న సాకుతో అమ్ముడై, చివరకు 2012లో చైనా మొదటి విమానవాహక నౌక లియావోనింగ్‌గా తేలింది. కుజ్నెత్సోవ్ కూడా తక్కువ తినలేదు: రీగా, లియోనిద్ బ్రెజ్నెవ్, త్బిలిసి అన్న పేర్లు దాటుకుని 1990లో ఇప్పటి పేరుకు చేరింది. ఆ జాబితా చదివితే సోవియట్ యూనియన్ చివరి పదేళ్ల రాజకీయం కళ్ల ముందు తిరుగుతుంది.

ఇలా దాచిన పేర్లు ఒక్క మాస్కోకే పరిమితం కాలేదు. బ్రిటన్ 1966లో తన పెద్ద విమానవాహక నౌక పథకాన్ని రద్దు చేసుకున్నాక, ఆ మాట ఎత్తితేనే డబ్బు రాదన్న భయంతో, 1980లో సేవలోకి వచ్చిన ఇన్విన్సిబుల్ తరగతిని మొదట ‘త్రూ-డెక్ క్రూయిజర్లు’, అంటే ఆ చివర నుంచి ఈ చివర దాకా డెక్ ఉన్న క్రూయిజర్లు, అన్నారు. జపాన్ తన ఇజుమో, కాగా నౌకలను ఈనాటికీ డిస్ట్రాయర్ల (క్రూయిజర్ల కంటే చిన్న యుద్ధనౌకల) జాబితాలోనే ఉంచింది. ముందు నుంచి వెనక దాకా చదునైన డెక్ ఉన్న 248 మీటర్ల డిస్ట్రాయర్! 2021లో ఇజుమో మీద ఎఫ్-35బి దిగింది కూడా. ఇప్పటి కాగాకు ముందు ఆ పేరుతో ఉన్న నౌక పెర్ల్ హార్బర్ దాడిలో పాల్గొని, 1942లో మిడ్‌వే దగ్గర మునిగిపోయిందని గుర్తుంచుకుంటే, పేరు పెట్టినవారు వర్గం విషయంలో చూపిన జాగ్రత్త పేరు విషయంలో చూపలేదని తెలుస్తుంది.

పాత జపాన్ నౌకాదళం పేర్ల నుంచే నౌక పుట్టుక చెప్పవచ్చు. మొదటి నుంచీ విమానాల కోసమే కట్టినవాటికి ఎగిరే జీవుల పేర్లు పెట్టేవారు: హిర్యూ అంటే ఎగిరే డ్రాగన్, షోకాకు అంటే నింగికెగసే కొంగ. కానీ అకాగి ఒక కొండ పేరు, కాగా ఒక పాత రాష్ట్రం పేరు. పెద్ద ఫిరంగుల యుద్ధనౌకల్లో వేగం ఎక్కువైన బ్యాటిల్‌క్రూయిజర్లకు కొండల పేర్లు, కవచం మందమైన బ్యాటిల్‌షిప్‌లకు రాష్ట్రాల పేర్లు పెట్టడం వారి ఆనవాయితీ. అవి యుద్ధనౌకలుగా మొదలై మధ్యలో విమానవాహక నౌకలుగా మారాయన్న సంగతి పేరులోనే మిగిలిపోయింది.

అమెరికా తొలినాళ్లలో యుద్ధాల పేర్లు, పాత నౌకల పేర్లు పెట్టుకునేది. లెక్సింగ్టన్, సారటోగా అలాంటివి. 1945లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మరణించాక, నిర్మాణంలో ఉన్న కోరల్ సీ పేరును ఆయన పేరుగా మార్చారు. ఆ దారి క్రమంగా విశాలమైంది. 1980లో కార్ల్ విన్సన్ నౌక జలప్రవేశానికి ఆ పేరు గల మాజీ కాంగ్రెస్ సభ్యుడే, 96 ఏళ్ల వయసులో, స్వయంగా హాజరయ్యాడు. బతికున్నవారి పేర్లు పెట్టడం నాకు నచ్చదు; కృతజ్ఞత ఎక్కడ ముగిసి ముఖస్తుతి ఎక్కడ మొదలవుతుందో ఎవరికీ తెలియదు. అధ్యక్షుడు ట్రూమన్ పేరులో మాత్రం చరిత్ర తానే ఎత్తిపొడుస్తుంది. 1949లో ఆయన ప్రభుత్వమే యునైటెడ్ స్టేట్స్ అనే విమానవాహక నౌకను, కీల్ (నౌక అడుగున వేసే మొదటి దూలం) వేసిన ఐదు రోజులకే, రద్దు చేసింది. అడ్మిరల్స్ తిరుగుబాటు అని పేరుపడిన, నౌకాదళ పెద్దలు ప్రభుత్వాన్ని ఎదిరించిన గొడవకు అది దారి తీసింది. దశాబ్దాల తరువాత అదే యునైటెడ్ స్టేట్స్ పేరును మరొక నౌకకు నిర్ణయించి, 1995లో తీసివేసి హ్యారీ ఎస్. ట్రూమన్ అని పెట్టారు. ఆ పేరును ఆయన రెండుసార్లు అడ్డుకున్నట్టయింది. 2020లో ప్రకటించిన డోరిస్ మిల్లర్ పేరును మాత్రం నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. పెర్ల్ హార్బర్‌లో వెస్ట్ వర్జీనియా నౌక మీద వంటశాల సిబ్బందిలో పని చేస్తూ, శిక్షణ లేకపోయినా విమాన విధ్వంసక తుపాకీ పట్టి పోరాడిన నల్లజాతి నావికుడు అతడు. అధ్యక్షుల, అడ్మిరల్‌ల మధ్య ఒక సామాన్య నావికుడి పేరు చేరడం అదే మొదలు.

ఫ్రాన్స్‌ తన విమానవాహక నౌకకు రాజుల కాలపు మంత్రి రిషెల్యూ పేరు అనుకుంది; 1987లో అది మాజీ అధ్యక్షుడు షార్ల్ ద గోల్ పేరుగా మారింది. కీల్ వేయకముందే పేరు మీద రాజకీయం జరిగింది. నౌక తయారయ్యాక హాకై విమానాలకు ఏటవాలు డెక్ చాలదని తేలి, దానిని 4.4 మీటర్లు పొడిగించారు. పేరు మీద పెట్టిన శ్రద్ధలో కొంత కొలబద్ద మీద పెట్టి ఉంటే బాగుండేది. భారతదేశం ఇంకో దారి పట్టింది: 1997లో విశ్రాంతి తీసుకున్న విక్రాంత్ పేరును, ఆర్11 అన్న సంఖ్యతో సహా, 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో సేవలోకి వచ్చిన స్వదేశీ నౌకకు ఇచ్చింది. అడుగు ముందుకు వేసి దాటినవాడు విక్రాంతుడు. హద్దు దాటి పోయే నౌకకు ఇంతకంటే తగిన మాట నాకు తోచదు. మనిషి పేరు కాకపోవడం వల్ల దానికి వయసు పైబడదు, పార్టీ అంటుకోదు.

పాత పేరును మళ్లీ వాడడంలో అన్నింటికంటే లోతైన ఉదాహరణ బ్రిటన్‌దే. 1941 డిసెంబరు 10న, మలయా తీరానికి దూరంగా, తోడుగా విమానవాహక నౌక గానీ పైన కాపు కాసే విమానాలు గానీ లేకుండా వెళ్లిన ప్రిన్స్ ఆఫ్ వేల్స్ అనే బ్యాటిల్‌షిప్‌ను, దానితో పాటు రిపల్స్‌ను జపాన్ విమానాలు ముంచివేశాయి. సముద్రంలో కదులుతూ పోరాడుతున్న పెద్ద యుద్ధనౌకలు కేవలం విమానాల చేతిలో ఓడిపోవడం అదే మొదటిసారి. క్వీన్ ఎలిజబెత్ తోబుట్టువుకు బ్రిటన్ ఆ పేరే పెట్టింది. డెక్ నిండా విమానాలు మోయగల ఆ కొత్త ప్రిన్స్ ఆఫ్ వేల్స్ నౌకాదళంలో లాంఛనంగా చేరిన తేదీ 2019 డిసెంబరు 10.