పిలిచి మరీ చెప్పిన మాట

అందరికీ వందనాలు. కొంచెం కోపంగానే రాస్తున్నా, ఏమనుకోకండి.

పోయిన శుక్రవారం హన్మకొండలో మా ఉపవాస ప్రార్థన అయిపోయాక అందరం చాపలు చుడుతుంటే ఒక చెల్లె మూలకు కూర్చొని లేవడం లేదు. ఏమైందమ్మా అంటే, "అక్కా, నాకు ఇగ మాఫీ లేదట కదా" అన్నది. కొడుకు జ్వరంతో పోయిన రాత్రి దేవుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టిందట. తర్వాత ఏదో ఉజ్జీవ సభలో ఒకాయన, పరిశుద్ధాత్మను దూషిస్తే ఈ యుగంలోనూ రాబోయే యుగంలోనూ క్షమాపణ లేదని మైకులో అరిచి, అదే వాక్యాన్ని తన పరిచర్యను ప్రశ్నించేవాళ్ల మీదికి తిప్పాడట. ఆయన బాధ ఆయనది. ఈ పిల్ల మాత్రం రెండేళ్లుగా ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనలో, చెయ్యి వెయ్యలేదు. మొదటి ఆదివారం రొట్టె పళ్లెం తన వరుస దాకా రాకముందే చెప్పులేసుకొని బయటికి పోతదట.

మార్కు సువార్త 3వ అధ్యాయం తీయండి. క్షమాపణ లేదన్న ఆ 29వ వచనం అందరికీ కంఠతా. దాని ముందు 28లో పాపాలన్నీ, దూషణలన్నీ క్షమించబడతాయని ఉంది, అది ఎవరూ మైకులో చదవరు. 30లో కారణం మార్కే రాసిపెట్టాడు: యేసుకు అపవిత్రాత్మ పట్టిందని వాళ్లు అన్నారు కాబట్టి. వాళ్లెవరు? యెరూషలేము నుంచి దిగివచ్చిన శాస్త్రులు, అంటే ధర్మశాస్త్రం బోధించేవాళ్లు. యేసు ఉన్న గలిలయ దాకా అంటే దాదాపు మన హన్మకొండ నుంచి హైదరాబాద్ అంత దూరం, వచ్చి చేసిందేమో తప్పు పట్టడం. (మన సంఘాల్లోనూ ఉన్నారు అట్లాంటోళ్లు, పక్క వీధి నుంచి వస్తారు, అంతే తేడా.) యేసు మాటకు దయ్యాలు వెళ్లిపోతున్నాయి, కాదనలేరు, అందుకే దయ్యాల అధిపతి బయెల్జెబూలు పని అన్నారు. తెలిసి తెలిసి వెలుగును చీకటి అనడం అది. కడుపుకోతతో అరిచిన తల్లి మాటకూ దీనికీ ఏం సంబంధం? అపొస్తలుడైన పౌలే తాను ఒకప్పుడు దూషకుడినని తిమోతికి రాసుకోలేదా?

నేను ఎప్పుడు చదివినా ఆగిపోయేది 23వ వచనం దగ్గర. యేసు ఆ శాస్త్రులను తన దగ్గరికి పిలిచాడు. ఇల్లంతా జనం, రొట్టె తినడానికి కూడా వీల్లేదు, సొంతవాళ్లేమో మతి చలించిందని పట్టుకుపోవడానికి బయల్దేరారు, వీళ్లేమో దయ్యం అంటున్నారు. మనమైతే నంబర్ బ్లాక్ చేస్తాం. ఆయన పిలిచాడు, పిలిచి ఆ కఠినమైన మాట చెప్పాడు. మీ పని అయిపోయింది, పొండి అని అక్కడ ఎక్కడుంది? బాయి అంచున ఆడే పిల్లగాణ్ణి తల్లి దగ్గరికి పిలిచి, పడితే చస్తవురా అని భయపెట్టదా?

పాస్టరయ్యలారా, దయచేసి 22 నుంచి చదవండి. ఈ వాక్యం మీ చేతికిచ్చిన కట్టె కాదు. ఇంకో సంఘంలో ఎవరైనా బాగుపడితే అది సాతాను పని అని తేలిగ్గా అనేస్తుంటాం చూడండి, భయపడాల్సింది అక్కడ.

ఆ చెల్లెకు 23వ వచనం వేలు పెట్టి చూపించాను. చాలాసేపు చూసి, "వాళ్లనా పిలిచిండు?" అన్నది. వచ్చే ఆదివారం నా పక్కన కూర్చుంటానన్నది. బల్లలో చెయ్యి వేస్తావా అని మాత్రం నేను అడగలేదు.