తలుపు తీసిన మనిషి మీదే కేసు

బ్రిటన్‌లో ఇంట్లో టీవీ పెట్టుకుని చూడాలంటే ఏటా లైసెన్సు డబ్బులు కట్టాలి. 2025లో అది 174.50 పౌండ్లు. కట్టకుండా చూస్తే నేరం, 1,000 పౌండ్ల దాకా జరిమానా. 2019లో ఇంగ్లండ్, వేల్స్‌లో ఈ కేసుల్లో దోషులుగా తేలినవాళ్లలో 74 శాతం ఆడవాళ్లే. ఆ ఏడాది ఏ నేరం కిందైనా సరే, దోషులైన ఆడవాళ్లను లెక్కేస్తే నూటికి ముప్పై మందిది ఈ టీవీ కేసే. మగవాళ్లలో నూటికి నలుగురిది.

ఆడవాళ్లే ఎక్కువ ఎగ్గొడుతున్నారని కాదు. లైసెన్సు ఇంటికి, కేసు మాత్రం మనిషి మీద. తనిఖీకి వచ్చినాయన తలుపు తట్టి, ఎవరు పలికితే వాళ్లు చెప్పింది రాసుకుని పోతాడు. పగటిపూట ఇంట్లో ఉండేదెవరు? పిల్లల్ని ఒంటరిగా సాకుతున్న తల్లులైతే ఆ ఇంట్లో ఇంకో పేరే ఉండదు.

కడపలో కోర్టు దగ్గర మాది జిరాక్స్ షాపు. నోటీసు చదివించుకోడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్‌లో నాలుగు మడతలు పెట్టి తెస్తారు. "అక్కా, ఆయప్ప పనికి పోయినాడు, నాతో సంతకం పెట్టిచ్చుకోని పోయినారు, ఏముందో చూడు" అంటారు. అప్పు మొగుడిది, సంతకం ఈమెది. అందుకే ఆ 74 శాతం చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు, కోపమొచ్చింది.

ఇంగ్లండ్, వేల్స్‌లో ఇంకో సంగతి. 2015 నుంచి ఇలాంటి చిన్న కేసుల్ని ఒకే మేజిస్ట్రేటు, బహిరంగ విచారణ లేకుండా, కాగితాలు చూసి తేల్చేయొచ్చు. ఇంటికొచ్చిన కవరుకు 21 రోజుల్లో జవాబివ్వకపోతే, ఆమె మాట వినకుండానే తీర్పు. రోగంతో మంచం పట్టిన మనిషో, చంటిబిడ్డతో తెల్లవార్లూ మేలుకునే తల్లో ఆ కవరు విప్పకుండా పక్కన పెట్టిందనుకోండి, ఆమె తరఫున చెప్పేదెవరు? జరిమానా కట్టలేకపోతే జైలు దాకా కూడా పోవచ్చు.

టీవీ లైసెన్సు కట్టకపోవడాన్ని నేరాల జాబితాలోంచి తీసేయాలన్న మాట అక్కడ చాన్నాళ్లుగా ఉంది. 2020లో ప్రభుత్వం జనాన్ని అడిగింది కూడా. 2021 జనవరిలో, ఇప్పటికైతే తీసేసేది లేదని చెప్పింది. డబ్బు రాబట్టుకోవద్దని నేననను. బాకీని బాకీలాగే వసూలు చేసుకోవాలి. మన దగ్గర కరెంటు బిల్లు కట్టకపోతే ఫీజు పీకుతారు, ఇంట్లో ఉన్న ఆడమనిషిని నేరస్థురాలిని చేయరు.