అమ్మడానికి కాకపోతే ఎందుకు కుడుతున్నారు మేడమ్?

మొత్తానికి కుట్టు మిషన్ బాగై ఇంటికొచ్చింది. తెచ్చినప్పటి నుంచి కుడుతున్నా ఒక్క కుట్టు కూడా తప్పలేదు. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను. చల్లారాక రాస్తే మర్యాద ఎక్కువైపోతుంది.

మా అబ్బాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళాక వాడి గది ఖాళీ అయింది. ఇంట్లో గది ఖాళీ అయితే చాలు, అందరికీ దాని మీద కన్నే. మా ఆయన పాత ఫైళ్ళు, మా అత్తగారి ఇత్తడి బిందెలు, ఊరి నుంచి వచ్చే బియ్యం బస్తాలు అన్నీ వరసలో ఉన్నాయి. వాటికంటే ముందు నేను దిగిపోయాను. ఎప్పటికైనా నాకంటూ ఒక కుట్టు గది ఉండాలని, అందులో తీరిగ్గా క్విల్టులు (గుడ్డముక్కలు అతికి, లోపల దూది పెట్టి కుట్టే బొంతలు) కుట్టుకోవాలని పాతికేళ్ళ కోరిక.

విజయవాడలో అపార్ట్‌మెంట్ గది ఎంతుంటుంది, పదికి పది. అయినా బాగానే అమిరింది. మిషన్ కిటికీ పక్కన, వెలుతురు ఎడమ చేతి వైపు నుంచి పడేలా పెట్టాను. కత్తిరించుకునే బల్ల మాత్రం 36 అంగుళాల ఎత్తు చేయించాను, నిలబడి కత్తిరించాలి కాబట్టి. డైనింగ్ టేబుల్ మీద వంగి కత్తిరించేవాళ్ళకి సాయంత్రానికి నడుం పట్టేస్తుంది, మందుల ఖర్చు వడ్రంగి ఖర్చుని దాటిపోతుంది. ఇస్త్రీ బల్ల మిషన్‌కి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి. ఈ పనిలో సగం కుట్టు, సగం ఇస్త్రీ. గోడకి ఒక పాత ఉన్ని దుప్పటి బిగించి కొట్టాం. కత్తిరించిన ముక్కల్ని దాని మీద అద్దితే అంటుకుంటాయి, ఏ రంగు పక్కన ఏ రంగు బాగుందో దూరం నుంచి చూసుకోవచ్చు. గుడ్డలన్నీ అట్టముక్కలకి చుట్టి, రంగుల వారీగా అరల్లో నిలబెట్టాను. కత్తెరలు, స్కేళ్ళు మేకులకి. గుండీలు, జిప్పులు, సూదులు పారదర్శకంగా ఉండే డబ్బాల్లో, మీద పేరు రాసి. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలే తర్వాత నా కొంప ముంచింది, అక్కడికి వస్తాను.

గుడ్డ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కట్టి కట్టి మెత్తబడ్డ మంగళగిరి, వెంకటగిరి నూలు చీరలు బీరువా నిండా ఉన్నాయి. పెడనలో అచ్చు కలంకారీ వేసేచోట మిగిలిన ముక్కలు దొరికాయి. ఒక్కటే జాగ్రత్త: ముదురు రంగు గుడ్డ ప్రతిదాన్నీ విడిగా వేడినీళ్ళలో, ఒక తెల్ల గుడ్డముక్కతో కలిపి నానబెట్టండి. తెల్లముక్కకి రంగు అంటితే ఆ గుడ్డని క్విల్టులో పెట్టొద్దు. షాపువాడు "కలర్ గ్యారంటీ అమ్మా" అంటాడు, నమ్మకండి.

మొదటిదానికి తేలికైన డిజైనే ఎంచుకున్నాను. తొమ్మిది గడుల బ్లాకులు, అడ్డంగా ఆరు, నిలువుగా ఎనిమిది. మూడున్నర అంగుళాల గడి కోస్తే అటూ ఇటూ పావు అంగుళం కుట్టులోకి పోయి మూడు అంగుళాలు తేలుతుంది. మొత్తం 432 ముక్కలు, 54 అంగుళాల వెడల్పు, 72 పొడవు. ఆ పావు అంగుళం తప్పకూడదు. వెడల్పులో 17 అతుకులుంటాయి, ఒక్కో అతుక్కి ఒక్క నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) తేడా వచ్చినా రెండంగుళాల పైన తరిగిపోతుంది. నేను సూది పలక మీద పావు అంగుళం దూరంలో టేపు అతికించి, దాని అంచు వెంబడే తోలాను. మూలకి మూల కలిసింది. కలవకపోతే ఫోటోలు పెట్టేదాన్నా!

అక్కడిదాకా అంతా హాయి. పైన అతుకుల గుడ్డ, మధ్యలో దూది పొర, కింద అస్తరు, మూడూ కలిపి పిన్నులు పెట్టి కుట్టడం మొదలుపెట్టాక మిషన్ మొరాయించింది. నాలుగు కుట్లు పడతాయి, రెండు తప్పుతాయి. సూది మార్చాను, 14 నంబరు తీసి 16 వేశాను. దారం మార్చాను. మూడు పొరల్నీ ఒకేసారి లాగే వాకింగ్ ఫుట్ కూడా తెప్పించి బిగించాను. అయినా తప్పుతూనే ఉంది. రెండు పొరలు కుడితే బుద్ధిగా కుడుతుంది, దూది అడ్డొస్తే మాత్రం ఒట్టు. కొని ఏడాది కూడా కాలేదు, రెండేళ్ళ వారంటీ ఉంది. కంపెనీ పేరు రాయను. సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్ళాను.

కౌంటర్ దగ్గర కుర్రాడు సూది పలక విప్పాడు. కింద బూడిద రంగు నూగు పేరుకుని ఉంది, దూది గుడ్డ కుడితే రాలే నూగు. చిమటాతో కొంచెం తీసి, నా ముఖం ముందు పట్టుకుని, వెనకాల ఉన్న సీనియర్‌ని పిలిచాడు. దొంగసొమ్ము దొరికినట్టు ఇద్దరూ దాన్ని చూశారు.

"ఇంత నూగుందంటే ఇంట్లో వాడకం కాదు మేడమ్. ఏం కుడుతున్నారు?"

క్విల్ట్ అన్నాను. అర్థం కాలేదు. బొంత అన్నాను.

"బొంతలా! ఎన్ని కుడతారు నెలకి?"

ఇదే మొదటిదన్నాను. ఎంతకి అమ్ముతారని అడిగాడు. అమ్మనన్నాను.

"అమ్మడానికి కాకపోతే ఎందుకు కుడుతున్నారు మేడమ్? ఆన్‌లైన్లో దుప్పటి ఐదొందలకి వస్తుంది కదా."

వరసలో నా వెనక ఉన్న ఇద్దరు నవ్వారు. సరదాకి కుడుతున్నానంటే ఆ నవ్వు ఇంకాస్త పెరిగింది. ముప్ఫై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పినదాన్ని, నా మాటకి సాక్ష్యం అడిగినవాళ్ళు లేరు. ఇక్కడ ఇరవై రెండేళ్ళ కుర్రాడి ముందు నిలబడి నేను వ్యాపారం చేయడం లేదని ఒప్పించుకోవాల్సి వచ్చింది. రిపేరు వివరాలు రాసే జాబ్ కార్డు మీద "కమర్షియల్ వాడకం, వారంటీ వర్తించదు" అని రాశాడు. సంతకం పెట్టమన్నాడు. పెట్టలేదు.

మా కింద ఫ్లాట్ ఆయన అంత పొడుగు అక్వేరియం పెట్టుకున్నాడు. ఆ చేపలు పులుసుకా అని ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆడవాళ్ళు సూది పట్టుకుంటే మాత్రం రెండే కారణాలు ఉండాలి. ఇంట్లో గడవక, లేదా నాలుగు డబ్బుల కోసం. మూడో కారణం చెబితే అనుమానం. మా అమ్మమ్మ మధ్యాహ్నాలు అరుగు మీద పాత చీరలు పరిచి బొంత కుట్టేది. పొదుపు కోసమే అని అందరూ అనేవాళ్ళు. ఎర్రంచు చీరని విప్పి, ఆ అంచుని నాలుగు వైపులా సమంగా తిప్పి కుట్టడానికి ఆవిడ పడ్డ అవస్థ చూస్తే పొదుపు అని ఎవరూ అనరు.

సరే, పై ఆఫీసుకి రాసుకోమన్నారు. వ్యాపారం కాదని డిక్లరేషన్ రాసిచ్చాను. తెలుగులో రాస్తే ఇంగ్లీషులో కావాలన్నారు. ఇంగ్లీషులో ఇస్తే మిషన్ వాడే చోటు ఫోటో కావాలన్నారు. నాకు ధైర్యం వచ్చింది, నా గది చూస్తే ఎవరైనా నమ్ముతారు కదా అని. నాలుగు మూలల నుంచీ శుభ్రంగా తీసి పంపాను. మర్నాడు ఫోన్: "ఇది బొటీక్ మేడమ్. ఇంట్లో ఇంత స్టాక్ ఎవరు పెట్టుకుంటారు, డబ్బాల మీద లేబుళ్ళు కూడా ఉన్నాయి."

మా ఆయన పడీ పడీ నవ్వారు. మంచం మళ్ళీ లోపల వేసి, దాని మీద మడతపెట్టని బట్టలు కుప్ప పోసి ఇంకో ఫోటో తీసి పంపమన్నారు. ఒక్క క్షణం ఆలోచించాను కూడా. చివరికి మనసొప్పలేదు. అంత కష్టపడి సర్దిన గదిని వాళ్ళ కోసం చెడగొట్టడమేమిటి?

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. వాళ్ళు మర్యాదగా మాట్లాడారు, ఫిర్యాదు నంబరు ఇచ్చారు, కంపెనీకి పంపారు. కంపెనీ మళ్ళీ అదే సమాధానం ఇచ్చింది. ఈ గొడవలో నాకు తెలిసిన సంగతి ఒకటుంది, మీకూ పనికొస్తుంది. సొంతంగా, కేవలం పొట్ట గడుపుకోవడానికి చేసుకునే పనికి కొన్న వస్తువుని వాణిజ్య అవసరం కింద లెక్కేయకూడదని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. అంటే నేను నిజంగా బొంతలు కుట్టి అమ్ముకుని బతుకుతున్నా సరే, వినియోగదారుల కమిషన్ గడప తొక్కే హక్కు నాకుంటుంది. వారంటీ షరతుల్లో ఏం రాసుకున్నారన్నది వేరే తగువు. మిషన్ కొనేటప్పుడే ఆ చిన్న అక్షరాలు చదవండి, "డొమెస్టిక్ యూజ్" అంటే ఏమిటో రాతపూర్వకంగా అడగండి. షోరూమ్‌లో అందరూ నవ్వుతూనే చెబుతారు.

ఆఖరికి వన్ టౌన్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. కాళేశ్వరరావు మార్కెట్ దాటాక సందులో, మెట్ల కింద కొట్టు. బోర్డు కూడా లేదు. ఏం కుడుతున్నావమ్మా అని ఆయనా అడిగారు, బొంత అంటే "దూది పెట్టారా, చీరలేనా?" అన్నారు. అంతే. ఆ ఒక్క ప్రశ్నతో సగం రోగం తెలిసిపోయినట్టుంది.

మిషన్ పక్కకి వాల్చి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పి నన్ను వంగి చూడమన్నారు. సూది అడుగు దాకా దిగి మళ్ళీ పైకి లేవడం మొదలుపెట్టాక, రెండు రెండున్నర మిల్లీమీటర్లు లేచేసరికి కింద బాబిన్ దగ్గర తిరిగే హుక్ మొన వచ్చి సూది బెజ్జానికి కాస్త పైన దారాన్ని అందుకోవాలి. నా మిషన్‌లో హుక్ ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా వస్తోంది. పలచటి గుడ్డకైతే ఎలాగో అందుకుంటోంది, దూదిలో సూది కొంచెం ఒంగగానే దారం దొరకడం లేదు. "టైమింగ్ సరిగ్గా పెట్టకుండా పంపించారమ్మా" అన్నారు. ఒక స్క్రూ వదులు చేసి, హుక్‌ని జరిపి, మళ్ళీ బిగించారు. నేను తీసుకెళ్ళిన మూడు పొరల ముక్క మీదే కుట్టి చూపించారు. మూడొందలు తీసుకున్నారు. నూగు కుట్టిన ప్రతిసారీ బ్రష్‌తో దులపమని, నోటితో ఊదొద్దని, ఊదితే తేమ చేరి తుప్పు పడుతుందని చెప్పారు.

బయటివాళ్ళు విప్పారు కాబట్టి ఇప్పుడు వారంటీ నిజంగానే పోయింది. పోనీ.

మిగిలిన పని చకచకా అయిపోయింది. మధ్య నుంచి అంచులకి కుట్టుకుంటూ వచ్చాను, అలా అయితే ముడతలు పడవు. అంచుపట్టీకి రెండున్నర అంగుళాల పట్టీ రెండు మడతలు వేసి, వెనక వైపు చేత్తో హెమ్మింగ్ చేశాను. దూది విషయంలో నా మాట వినండి. పరుపుల షాపుల్లో దొరికే పాలిస్టర్ షీటు చవకే, కానీ మన ఎండలకి ఒళ్ళు ఉడికిపోతుంది. నూలు దూది పొరే తెప్పించుకోండి, ఏసీ గదిలో హాయిగా ఉంటుంది.

ఎదురింటావిడ వచ్చి చూసి నాలుగు వేలిస్తాను, ఇచ్చేయమంది. ఇవ్వలేదు, అది మా అబ్బాయికి. జాబ్ కార్డు, బిల్లు, ఈమెయిళ్ళు అన్నీ ఒక ఫైల్లో పెట్టాను. జిల్లా కమిషన్‌లో వేయడానికి రెండేళ్ళ గడువుంది, కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. దసరా వెళ్ళాక కూర్చుని రాస్తాను. ఈలోపు రెండోదానికి నీలం గుడ్డలు నానబెట్టాలి.