ప్లాస్టిక్ కుర్చీకి 82 మార్కులు

పోయిన వేసవిలో మా పిన్ని విజయవాడ పటమట నుంచి ఫోన్ చేసి, "నాన్నా, చీర వచ్చింది, ఒకసారి వచ్చి చూసి వెళ్లు" అంది. గొంతులోనే తెలిసిపోయింది ఏదో తేడా జరిగిందని. "మంగళగిరి హ్యాండ్లూమ్ ప్యూర్ కాటన్, ఎకో ఫ్రెండ్లీ" అని ఆన్‌లైన్‌లో చూసి 649 రూపాయలకు తెప్పించుకుందట. నేను వెళ్లేసరికి ఆవిడ పరీక్ష కూడా చేసేసింది. అంచులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించింది. నూలు పోగైతే కాగితం కాలినట్టు కాలి బూడిద రాలాలి, ఇదేమో ముడుచుకుపోయి చివర గట్టి పూసలా మిగిలింది. అంటే అందులో పాలిస్టర్ ఉంది.

ఫోన్‌లో ఆ పేజీ తెరిచి కిందికి జరుపుతూ పోతే, బొమ్మలూ ఆఫర్లూ రివ్యూలూ అన్నీ దాటాక, "మరిన్ని వివరాలు" నొక్కితే అప్పుడు కనిపించింది: ఫాబ్రిక్, కాటన్ బ్లెండ్. అమ్మినవాడు పైన ఒకటి చెప్పాడు, కింద ఇంకొకటి చెప్పాడు, మనం పైనదే చదువుతామని వాడికి తెలుసు. మంగళగిరి మాకు బస్సెక్కితే అరగంట. గుంట మగ్గం మీద నేసిన చీరలు కట్టుకునే పెరిగిన మనిషి మా పిన్ని, ఆవిడే మోసపోయింది.

నేను రోజూ చేసే ఉద్యోగం వెబ్ పేజీలతోనే. మనిషి కిందిదాకా చదవకపోతే బ్రౌజర్ చేత చదివిద్దాం అనుకుని ఆ వారాంతమే క్రోమ్ ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం, మొదలుపెట్టాను. అనుకున్నది చీరతో ఆగలేదు, అదీ నా తప్పే. ఏ వస్తువు పేజీ తెరిచినా పర్యావరణానికి అది ఎంత మేలో వందకి మార్కులు వేసి మూలన ఆకుపచ్చ బిళ్లలో చూపించాలని కూర్చున్నాను. ఆర్గానిక్, నేచురల్, రీసైకిల్డ్, బాంబూ లాంటి మాటలు పేజీలో ఎన్నిసార్లున్నాయో లెక్కపెట్టి మార్కులు కలపడమే పద్ధతి. రెండు రాత్రుల్లో అయిపోయింది. చాలా గర్వపడ్డాను కూడా.

మూడో రోజు "నేచురల్ వుడ్ ఫినిష్" అని రాసున్న ప్లాస్టిక్ కుర్చీకి నా టూల్ 82 ఇచ్చింది. అదే రోజు తుంగ చాపకి సున్నా ఇచ్చింది, ఎందుకంటే అమ్మినాయన రాసినదల్లా "చాప, 6 అడుగులు, 3 అడుగులు" అని. పాపం, తుంగతో అల్లింది ఇంకేం రాస్తాడు? ఎవరు ఎక్కువ రాస్తే వాళ్లకి ఎక్కువ మార్కులు పడుతున్నాయి. పిన్నిని ముంచినవాడికే నేను ప్రోగ్రెస్ కార్డు ఇస్తున్నానన్నమాట.

ఆ బిళ్ల తీసిపారేశాను. ఇప్పుడు ఉన్నది మార్కులు వేయదు, మంచిదనీ చెడ్డదనీ అనదు. పైన అన్నదానికి కింద ఆధారం ఉందా అని మాత్రం చూస్తుంది. టైటిల్‌లో "ప్యూర్ కాటన్" ఉండి వివరాల పట్టికలో "బ్లెండ్", "పాలీ", "ఆర్ట్ సిల్క్" (కృత్రిమ పట్టు) ఉంటే రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. "గాట్స్ సర్టిఫైడ్" అని, అంటే ఆర్గానిక్ బట్టలకిచ్చే అంతర్జాతీయ సర్టిఫికెట్ ఉందని రాసి, లైసెన్స్ నంబరు లేకపోతే "నంబరు ఇవ్వలేదు" అంటుంది. నంబరుంటే వాళ్ల డేటాబేస్ అందరికీ తెరిచే ఉంటుంది, ఎవరైనా వెతుక్కోవచ్చు. అన్నట్టు గాట్స్‌లో రెండు మెట్లున్నాయి, "ఆర్గానిక్" అని రాసుకోవాలంటే కనీసం 95 శాతం ఆర్గానిక్ పీచుండాలి, "మేడ్ విత్ ఆర్గానిక్" అంటే 70 చాలు. ఈ తేడా తెలిశాక నా సొంత చొక్కాలు రెండు తిరగేసి చూసుకున్నాను.

ఉత్త "ఎకో ఫ్రెండ్లీ" సంగతి వేరు. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ గ్రీన్‌వాషింగ్ మీద, అంటే పర్యావరణానికి మేలని ఉత్తుత్తిగా చెప్పుకోవడం మీద, మార్గదర్శకాలు ఇచ్చింది. గ్రీన్, ఎకో ఫ్రెండ్లీ లాంటి మాటలు వాడితే దేని గురించి అంటున్నారో వివరించాలి, రుజువు ఉండాలి, ఆ వివరం క్యూఆర్ కోడ్ ద్వారానో లింకు ద్వారానో అయినా అందించాలి అని అందులో ఉంది. అందుకే ఆ మాట కనిపిస్తే నా టూల్ పేజీలో దానికి దగ్గరగా వివరణ ఉందేమో వెతుకుతుంది, లేకపోతే మాట కింద చుక్కల గీత గీస్తుంది. మొదటి వారం పేజీలన్నీ ముగ్గులేసినట్టు చుక్కలే. పర్యావరణానికి మేలైన వస్తువుల కోసం ప్రభుత్వం 1991లోనే ఎకోమార్క్ అని ఒక గుర్తు తెచ్చింది, మట్టి కుండ బొమ్మ. ఇన్నాళ్లలో నేను కొన్న వస్తువుల్లో ఒక్కదాని మీద కూడా ఆ కుండని చూడలేదు.

జనం నిజంగా వాడింది మాత్రం ఇదేదీ కాదు, ఫ్యాన్ల లెక్క. ఫ్రెండ్స్‌కి ఇస్తే అందరూ దాన్నే పట్టుకున్నారు. మామూలు సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీది (తక్కువ కరెంటు లాగే కొత్త రకం మోటారుది) 28 వాట్లు. మే నెలలో బెజవాడలో ఫ్యాన్ ఆపేదెప్పుడు, రోజుకి 15 గంటలు వేసుకున్నా నెలకి ఒక్కో ఫ్యాన్ మీద 21 యూనిట్లు తేడా. పేజీలో వాట్లు ఉంటే టూల్ ఈ లెక్క కట్టేస్తుంది. కరెంటు ఆదాకి ఇచ్చే స్టార్ల దగ్గర ఇంకో మెలిక ఉంది, లేబుల్ ఏ సంవత్సరానిదో చూడకుండా స్టార్లు లెక్కపెడితే లాభం లేదు. 2022 జూలైలో ఏసీల పట్టిక మార్చినప్పుడు అంతకుముందు రోజుదాకా 5 స్టార్ అయినది 4 స్టార్ అయిపోయింది. పాత స్టాకు పాత లేబుల్‌తోనే పేజీలో కూర్చుని ఉంటుంది. అందుకని స్టార్ల పక్కన లేబుల్ సంవత్సరం కూడా చూపిస్తున్నాను, పేజీలో ఉంటేనే అనుకోండి.

కోడ్ గురించి ఎక్కువ చెప్పను. షాపింగ్ సైట్లు పేజీ కోడ్‌లో ఒక్కో భాగానికి పెట్టే క్లాసుల పేర్లు అడ్డదిడ్డంగా పెట్టి ఎప్పుడు పడితే అప్పుడు మారుస్తాయి, సోమవారం పనిచేసింది గురువారం చస్తుంది. చాలా పేజీల్లో సెర్చ్ ఇంజిన్ల కోసం జేసన్ రూపంలో, అంటే ప్రోగ్రాములు తేలిగ్గా చదువుకునేలా, వస్తువు వివరాలు దాచి ఉంచుతారు, వీలైనచోట అదే చదువుతున్నాను, కొంత ప్రాణం హాయి. ఒక్కటి మాత్రం మొదటే తెలుసుకోవాల్సింది: అన్ని సైట్లకీ పర్మిషన్ అడిగితే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "మీరు చూసే అన్ని సైట్లలోని డేటాను ఇది చదవగలదు" అన్న అర్థం వచ్చే హెచ్చరిక వస్తుంది. మా ఆఫీసు కొలీగ్ అది చూసి, "నా బ్యాంకు పేజీ కూడా చదువుతావా" అని అడిగాడు. అడగాల్సిందే. ఇప్పుడు ఐకాన్ నొక్కితేనే, ఆ ఒక్క ట్యాబ్‌లోనే పనిచేస్తుంది, ఏదీ నా సర్వర్‌కి రాదు. నాకు సర్వరే లేదు.

ఇంత చేశాక సంక్రాంతికి పిన్ని ఇంటికి వెళ్లి, "పిన్నీ, నీకోసమే చేశాను, ఇన్‌స్టాల్ చేస్తా ఉండు" అని ఫోన్ తీసుకున్నాను. తీసుకున్నాక గుర్తొచ్చింది. ఆవిడ కొనేదంతా ఫోన్‌లో యాప్ నుంచి. యాప్ లోపలికి బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ పోదు. ఫోన్‌లో క్రోమ్ అయితే ఎక్స్‌టెన్షన్లనే ఒప్పుకోదు, ఫైర్‌ఫాక్స్ ఒప్పుకుంటుంది కానీ మా పిన్ని చేత ఫైర్‌ఫాక్స్‌లో చీరలు కొనిపించడం నా వల్ల కాదు. ఎనిమిది నెలలు పని చేశాను, ఈ మాట ఒక్క రోజైనా తట్టలేదు. ఎవరికోసం చేస్తున్నానో ఆ మనిషి ఎలా కొంటుందో చూడకుండా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న ఫలితం.

ఇప్పుడు పద్ధతి ఏంటంటే, పిన్ని వాట్సాప్‌లో లింకు పెడుతుంది, నేను ల్యాప్‌టాప్‌లో తెరిచి ఐకాన్ నొక్కి, వచ్చింది ఫొటో తీసి పంపుతాను. మొన్న రాత్రి పదకొండింటికి, వ్రతం భోజనాలకని, "బయోడిగ్రేడబుల్ పేపర్ ప్లేట్లు" లింకు పెట్టింది. ఐకాన్ నొక్కితే టూల్ ఏమీ అనలేదు. అనుమానమొచ్చి నేనే కిందిదాకా చదివాను, ఏడో లైన్లో "లామినేటెడ్" అని ఉంది. అంటే పైన ప్లాస్టిక్ పొర. చెప్పాను. "సరేలే, వన్‌టౌన్‌లో అడ్డాకు విస్తళ్లు దొరుకుతాయి, రేపు నువ్వే తీసుకురా, వంద" అని జవాబొచ్చింది.

పడుకునే ముందు "లామినేటెడ్"ని జాబితాలో చేర్చాను.