పట్టా అయిపోయిన చోట

మా నాన్న రోలర్ కోస్టర్ ఎక్కలేదు, ఎక్కుతానని అనలేదు కూడా. అరవై ఎనిమిదేళ్ల మనిషి, రోజూ బీపీ మాత్ర వేసుకుంటాడు. కానీ 2025 ఆగస్టులో మేం సీడార్ పాయింట్ అనే అమ్యూజ్‌మెంట్ పార్కుకి వెళ్లిన రోజు ఆ కొత్త కోస్టర్‌ని అందరికంటే శ్రద్ధగా చూసింది ఆయనే. నేను క్యూలో ఉన్న గంటన్నర సేపూ కింద కంచె పట్టుకుని తలెత్తి చూస్తూనే ఉన్నాడట. రెండుసార్లు పిలిచినా వచ్చి కూర్చోలేదని అమ్మ చెప్పింది.

మేముండేది ఒహాయోలో, కొలంబస్‌లో. ఇక్కడి తెలుగు ఇళ్లలో ఎండాకాలం అంటే అమ్మానాన్నలు వచ్చే కాలం. నయాగరా చూపిస్తాం, గుడికి తీసుకెళ్తాం, కాస్ట్‌కోలో తిప్పుతాం, ఆ తర్వాత ఏం చూపించాలో తోచదు. అమ్యూజ్‌మెంట్ పార్కుకి మాత్రం తీసుకెళ్లం, పెద్దవాళ్లు అక్కడ ఏం చేస్తారులే అని. నేనూ అలాగే అనుకున్నా. అయితే జూన్ 28న సీడార్ పాయింట్‌లో సైరన్స్ కర్స్ అనే ఆ కొత్త కోస్టర్ తెరిచారు, నెల దాటినా నేను ఇంకా ఎక్కలేదు, 2018లో అక్కడే స్టీల్ వెంజెన్స్ అనే కోస్టర్‌ని తెరిచిన వారంలోనే ఎక్కి వచ్చినవాడిని, ఈసారి ఇంట్లో కూర్చుని వీడియోలు చూస్తున్నా. నా మొహం చూసి అమ్మే అంది, "మమ్మల్ని గూడ తీస్కపో, ఆ చెరువు ఒడ్డుకు కూసుంటం." చెరువు కాదమ్మా, లేక్ ఈరీ, అవతలి ఒడ్డు కెనడా అని చెప్పా. "ఏదైతే ఏంది, గాలి వస్తది గదా" అంది.

గురువారం సెలవు పెట్టి పొద్దున్నే బయల్దేరాం. యూఎస్ 23 మీద ఉత్తరానికి వెళ్లి రూట్ 4 పట్టుకుంటే బుసైరస్ మీదుగా సాండస్కీ, మొత్తం రెండు గంటల పైచిలుకు, దారి పొడవునా మొక్కజొన్న, సోయా చేలు. సాండస్కీ దాటి నీళ్ల మధ్య కట్ట మీది రోడ్డు, కాజ్‌వే, ఎక్కగానే రెండు పక్కలా నీళ్లు, ఎదురుగా నీళ్లలోంచి లేచినట్టు కోస్టర్ల వరస. నేను ఎన్నిసార్లు వచ్చినా అక్కడ కారు కాస్త నెమ్మది చేస్తా. సరస్సులోకి నాలుకలా చొచ్చుకుపోయిన సన్నటి నేల అది, 1870 నుంచి అక్కడ పార్కు ఉంది. 1964 నాటి చెక్క కోస్టర్ బ్లూ స్ట్రీక్ ఇప్పటికీ తిరుగుతోంది. 1989లో మాగ్నమ్ రెండు వందల అడుగులు దాటింది, 2000లో మిలీనియమ్ ఫోర్స్ 310 అడుగులకి వెళ్లింది, 2003లో టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్ 420 అడుగులు. ఇంకా ఎత్తు, ఇంకా వేగం అన్నదే ఈ పార్కు చరిత్ర.

అందుకే సైరన్స్ కర్స్ సంగతి బయటికి వచ్చినప్పుడు కొంతమంది పెదవి విరిచారు. ఎత్తు 160 అడుగులు, వేగం గంటకి 58 మైళ్లు, అంటే దాదాపు 93 కిలోమీటర్లు, పట్టా పొడవు 2,966 అడుగులు. ఈ లెక్కలు ఈ పార్కులో ఎవరినీ అదరగొట్టవు. దాని విశేషం వేరే. చైన్ మీద పైకి లాగాక రైలు ఒక అడ్డం పట్టా మీదికి వచ్చి ఆగుతుంది. ముందు పట్టా లేదు. అక్కడితో అయిపోయింది, ఎవరో కోసేసినట్టు. ఆ ముక్క పట్టా, దాని మీది రైలు, రైల్లో మనం, అంతా కలిసి ముందుకి వంగి పూర్తిగా నిట్టనిలువుగా నేలకేసి తిరుగుతాం. కింద ఉన్న పట్టాతో ఈ ముక్క అతుక్కున్నాక వదిలేస్తారు. టిల్ట్ కోస్టర్ అంటారు దీన్ని. డచ్ కంపెనీ వెకోమా తయారీ. ఇలాంటిది మొట్టమొదట 2002లో తైవాన్‌లో అదే కంపెనీ పెట్టింది, గ్రావిటీ మ్యాక్స్ అని. ఆ తర్వాత చాలా ఏళ్లు ఎవరూ దాని జోలికి పోలేదు. ఇప్పుడు ఉత్తర అమెరికాలో అన్నిటికంటే ఎత్తైన టిల్ట్ కోస్టర్ సాండస్కీలో ఉంది. పేరుకి అర్థం కూడా కథలోంచే వచ్చింది, గ్రీకు కథల్లో పాట పాడి నావికుల్ని రప్పించి ఓడల్ని ముంచే సైరన్లు ఉంటారు కదా, వాళ్ల శాపం.

తెరిచిన కొత్తలో ఆ వంగే చోట రైలు ఆగిపోయి జనం పైనే ఉండిపోయారని వార్తలు వచ్చాయి. అమ్మ వాటిని ఫోన్‌లో చూసింది, దారంతా అదే మాట. "నువ్వు ఎక్కకురా, చూసి వద్దాం చాలు." నాన్న వెనక సీట్లోంచి ఒకటే అన్నాడు, "ఆగింది గదా, పడలే గదా." అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు.

వాళ్లిద్దరినీ నీడ చూసి కూర్చోబెట్టి క్యూలోకి వెళ్లా. ఆ క్యూ అంటే నాకు రైడ్ అంత ఇష్టం. ఒక్కొక్కరి టీషర్టు మీద ఒక్కో కోస్టర్ పేరు. ఇలాంటివాళ్లు ఎక్కిన ప్రతి కొత్త కోస్టర్‌నీ ఒక క్రెడిట్ అని లెక్కపెట్టుకుంటారు, నాది అరవై దాటింది, నా ముందున్న పిట్స్‌బర్గ్ కుర్రాడిది మూడు వందల పైన. అతను పొద్దున్నే ఒకసారి ఎక్కి రెండోసారికి వచ్చాడు. వంపు బాగుంది గానీ తర్వాత రైడ్ చిన్నది, స్టీల్ వెంజెన్స్‌లో ఇరవై ఏడు సెకన్లకి పైగా సీట్లోంచి లేచిపోయే ఎయిర్‌టైమ్ ఉంది, ఇందులో ఆ ఊపు ఎక్కడుంది అన్నాడు. అతని గర్ల్‌ఫ్రెండ్ ఒప్పుకోలేదు. ప్రతిదాన్నీ స్టీల్ వెంజెన్స్‌తో పోలిస్తే ఇంక దేన్నీ ఎక్కక్కర్లేదు, ఇది ఎంత నున్నగా వెళ్తుందో చూడు, తలకి ఒక్క దెబ్బ తగల్లేదు అంది. నిజానికి వెకోమా పాత కోస్టర్లు ఎక్కినవాళ్లకి ఆ మాట విలువ తెలుస్తుంది, చెవులు రెండు పక్కలా భుజాల మీద బిగించే బార్లకి కొట్టుకునే రోజులవి.

మా వెనక మిషిగన్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఒక్కడే ఉన్నాడు. 1989లో మాగ్నమ్ తెరిచిన ఎండాకాలంలో దాన్ని ఎక్కాడట. అప్పుడు కూడా ఇలాగే, ఎత్తు తప్ప ఏముంది అని కొందరు అన్నారు, ఇప్పుడు వాళ్లే దాన్ని పాత బంగారం అంటున్నారు అని నవ్వాడు. ఆయన మాటల్లో నాకు బాగా గుర్తుండిపోయింది వేరే ఒకటి. ఇన్నేళ్లలో అన్ని కోస్టర్లూ నన్ను తొందరపెట్టాయి, ఇదొక్కటే నన్ను కూర్చోబెట్టి ఆలోచించుకోనిచ్చింది అన్నాడు. ఆయనకది నాలుగోసారి.

నాకు మధ్య వరసలో సీటు దొరికింది. పైకి వెళ్తుంటే ఎడాపెడా సరస్సు, తెల్లటి పడవలు, సీట్లలోంచి సన్నగా పాట. నేను అరవై కోస్టర్లు ఎక్కినవాడిని, చైన్ వదిలే చోటు ఒంటికి తెలుసు, కొండ మీదికి రాగానే పొట్ట ముందే బిగుసుకుంటుంది. ఇక్కడ పొట్ట బిగుసుకుంది, రైలు మాత్రం పడలేదు. మెల్లగా అడ్డం పట్టా మీదికి వెళ్లి ఆగింది. ఒళ్లు సిద్ధమైపోయి ఉంది, జరగాల్సింది జరగలేదు. అప్పటిదాకా కేకలు పెడుతున్నవాళ్లు ఒక్కసారి నోరు మూసుకున్నారు. గాలి చప్పుడు వినిపించింది. తర్వాత నేల వంగడం మొదలైంది. ఎంత నెమ్మదిగా అంటే, ముందు సరస్సు కనిపించింది, తర్వాత ఒడ్డు, తర్వాత చెట్ల తలలు, తర్వాత నడిచే మనుషుల నెత్తులు. బరువంతా ముందుకి జారి బార్ మీద పడింది. నిలువుగా వేలాడుతున్నాం. పక్క సీట్లో పిట్స్‌బర్గ్ కుర్రాడు, మూడు వందల క్రెడిట్ల మనిషి, రెండోసారి ఎక్కినవాడు, బార్‌ని రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. వదిలేశారు.

ఆ తర్వాతది నేను మెల్లగా రాయలేను, అంతా ఒక్క ఊపిరిలో అయిపోయింది. రెండు చోట్ల రైలు పట్టా చుట్టూ బొంగరంలా తిరిగింది, తలకిందులయ్యామన్న సంగతే తెలియలేదు, దూదిలా తేలాం. మెట్లు దిగినట్టు మూడుసార్లు వరసగా కిందికి జారే చోటు ఒకటుంది, ట్రిపుల్ డౌన్ అంటారు, నాకు అన్నిటికంటే అదే నచ్చింది, మూడోదానికి నడుము సీటుకి తగలనే లేదు. మొత్తం పదమూడు ఎయిర్‌టైమ్‌లని పార్కువాళ్ల లెక్క. బ్రేకుల దగ్గర ఆగాక అందరూ చప్పట్లు కొట్టారు.

బయటికి వచ్చే దారిలో మళ్లీ అదే వాదన. చిన్నది అన్నవాళ్లు ఉన్నారు, ఆ పాట వద్దు గాలి చప్పుడు చాలు అన్నవాళ్లు ఉన్నారు, ఆ వంపు ఒకసారికే, రెండోసారికి తెలిసిపోతుంది కదా అన్నవాళ్లు కూడా. ఆ చివరి మాటతో నాకు పేచీ ఉంది. రెండోసారి వచ్చినవాడు కళ్లు మూసుకోవడం నేను కళ్లారా చూశా. పడతామని తెలిసి ఎదురుచూడడం, తెలియక పడడం, రెండూ వేరు. 420 అడుగుల కోస్టర్ అయినా ఆలోచించే టైమ్ ఇవ్వదు. 160 అడుగుల్లో ఇది ఇచ్చింది.

కంచె దగ్గరికి వెళ్తే నాన్న ఎట్లుందిరా అని అడగలేదు. "లాక్ పడ్డ చప్పుడు ఇనబడ్డదా?" అన్నాడు.

ఏ లాక్ అన్నా.

మా నాన్న కాజీపేటలో సిగ్నల్ మెయింటెయినర్‌గా చేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ల పైన, రైలుని ఒక పట్టా మీంచి ఇంకో పట్టా మీదికి మళ్లించే పాయింట్లు, వాటిని సిగ్నల్‌తో ముడిపెట్టే ఇంటర్‌లాకింగ్ తప్ప వేరే ప్రపంచం లేదు. ఆయన నన్ను పక్కన నిలబెట్టి చూపించాడు. "చూడు, ఆ ముక్క పట్టా వంగినంక కింద పట్టాకి ఎదురుగ వచ్చి కూసుంటది. కూసున్నంక లాక్ పడాలె. లాక్ పడ్డదని ప్రూవ్ అయితెనే బండిని విడుస్తరు. మన పాయింటు గూడ గంతే గదా, పాయింటు సెట్ అయి లాక్ పడకుంటె సిగ్నల్ ఇయ్యరాదు." తర్వాత వేలితో పట్టా వెంట చూపిస్తూ, స్టేషన్‌లో ఒక బండి, పైన ఒక బండి, ముందుది ఖాళీ చేసి పోయేదాకా వెనకదాన్ని రానివ్వరు, బ్లాక్ సెక్షన్ ఇది అన్నాడు. అది నిజం. ఒకటి కంటే ఎక్కువ రైళ్లు తిరిగే రోలర్ కోస్టర్ బ్లాకులుగానే నడుస్తుంది, ఒక బ్లాకులో ఒకే రైలు. ఎవరూ చెప్పకుండానే గంటన్నరలో ఆయన అదంతా కంచె బయటి నుంచి కనిపెట్టేశాడు.

అప్పుడు కార్లో అన్న మాట అమ్మకి మళ్లీ చెప్పాడు. "డౌట్ వస్తె రెడ్ పడాలె. బండి ఆగాలె. జనం తిట్టుకుంటరు, లేటయిందంటరు. ఆగకుంటెనే భయపడాలె." అమ్మ ఏమీ అనలేదు, మధ్యాహ్నం దాటింది పులిహోర తిందాం పదండి అంది. బయటి తిండి లోపలికి తేకూడదు కాబట్టి పార్కింగ్‌లో కారు డిక్కీ తెరిచి ముగ్గురం నిలబడే తిన్నాం, ఆవకాయ ముక్కతో. పక్క కారులోని కుటుంబం కూడా మనవాళ్లే, నెల్లూరువాళ్లు, వాళ్ల పెరుగన్నం మాకు, మా పులిహోర వాళ్లకి.

సాయంత్రం వాళ్లిద్దరినీ పార్కులో తిరిగే రైలు ఎక్కించా. 1963 నుంచి నడుస్తోంది, నిజం ఆవిరి ఇంజిను, మూడడుగుల నారో గేజ్. పొగ వాసన తగలగానే నాన్న లేచి నిలబడ్డాడు, సిబ్బంది కూర్చోమనేదాకా. చిన్నప్పుడు కాజీపేట షెడ్డు దగ్గర పీల్చిన వాసన ఇదేనన్నాడు. ఆయన మొహం అలా వెలగడం నయాగరా దగ్గర కూడా చూడలేదు నేను.

పొద్దుగూకాక సైరన్స్ కర్స్‌కి మళ్లీ వెళ్లా. ఈసారి ముందు వరస కోసం ఇంకో అరగంట ఎక్కువ నిలబడ్డా. పైన చీకటి సరస్సు, ఎక్కడో ఒక పడవ దీపం. రైలు ఆగింది. ఎదురుగా పట్టా చివర కనిపిస్తోంది, దాని తర్వాత ఏమీ లేదు. నేల వంగుతుంటే ఈసారి నేను కళ్లు మూసుకున్నా, భయానికి కాదు, వినడానికి. పాట వెనక, జనం ఊపిరి వెనక, సీటు కింద ఎక్కడో బరువైన ఇనుము ఇనుములో కూర్చున్నట్టు ఒక చిన్న దెబ్బ.

కిందికి వచ్చాక నాన్నకి చెప్పా, విన్నానని.

"ఒక్కటా, రెండా?" అన్నాడు.