అసిట్రోమ్ వేసుకునేవాళ్ల ఆకుకూరల లెక్క

గుండెలో మైట్రల్ కవాటం స్థానంలో లోహపు వాల్వు ఉంది కాబట్టి నాకు రక్తం గడ్డకట్టనివ్వని అసిట్రోమ్ మాత్ర జీవితాంతం తప్పదు. ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే పరీక్ష అంకె) 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. ఈ మాత్ర మొదలుపెట్టగానే చుట్టుపక్కల అందరూ ఇచ్చే సలహా ఒకటే: "ఆకుకూరలు మానెయ్". వినకండి.

ఈ మందు విటమిన్ కె పనికి అడ్డుపడి రక్తాన్ని త్వరగా గడ్డకట్టనివ్వదు. ఆకుకూరల్లో ఉండేది ఆ విటమినే. ఒక్కసారిగా ఎక్కువ తింటే ఐఎన్‌ఆర్ పడిపోయి వాల్వు మీద గడ్డ కట్టొచ్చు. బొత్తిగా మానేస్తే నిన్నటిదాకా సరిపోయిన మాత్రే ఎక్కువై చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది. డాక్టరు మోతాదు కుదిర్చేది మనం మామూలుగా తినే తిండిని బట్టే. అందుకే అది వారంవారం మారకూడదు.

మా పర్లాకిమిడి వైపు వానలు పడితే సంత నిండా ఆకుకూరలే. ఒడియా ఇళ్లలో శాగ భజా (ఆకుకూర వేపుడు), మన ఇళ్లలో ఆషాఢం మునగాకు. మునగాకు, తోటకూర, పాలకూర మూడింట్లోనూ విటమిన్ కె బాగా ఎక్కువ. నేను వండిన కూర అరకప్పు చొప్పున వారానికి మూడుసార్లు తింటాను, ఆషాఢమైనా వేసవైనా అంతే. కొత్తిమీర పైన చల్లుకుంటే ఫర్వాలేదు, పచ్చడి చేసుకుంటే అదీ ఆకుకూర కిందే లెక్క. వంకాయ, పఖాళం (నీళ్లలో నానబెట్టిన అన్నం), ఆకు వెయ్యని డాల్మా (కూరగాయల పప్పు)తో పేచీ లేదు. వంటనూనె మార్చేటప్పుడు మాత్రం డాక్టరుకు చెప్పాలి: పొద్దుతిరుగుడు, వేరుశనగ నూనెలకంటే సోయా నూనెలో విటమిన్ కె చాలా ఎక్కువ.

కార్తీకంలో కథ తిరగబడుతుంది. ఉపవాసాలతో తిండి తగ్గి ఐఎన్‌ఆర్ పెరుగుతుంది. విరేచనాలు పట్టుకున్నా అంతే, పైగా వాటికి మందులషాపులో అడగ్గానే ఇచ్చే మెట్రోనిడజోల్ దాన్ని ఇంకా పెంచుతుంది. ఒంటినొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు. పిర్రకు సూది అసలే వద్దు, కండలోపల రక్తం గూడుకడుతుంది.

రక్తం గడ్డకట్టనివ్వని అపిక్సబాన్ లాంటి కొత్త మాత్రలకు ఈ ఆకుకూరల గొడవ లేదు గానీ, లోహపు వాల్వు ఉన్నవాళ్లకు అవి పనికిరావు.

మాత్ర సాయంత్రం పూట వేసుకోవడం మేలు. పొద్దున పరీక్షకు రక్తమిస్తే, మోతాదు మార్చాల్సొస్తే డాక్టరు ఆ రోజుకే మార్చగలరు. మరిచిపోతే అదేరోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి, మర్నాడు రెండు కలిపి వేసుకోకూడదు. మలం నల్లగా వచ్చినా, మూత్రం ఎర్రగా వచ్చినా, తలకు దెబ్బ తగిలినా పరీక్ష తేదీ దాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.