ఆ 1 నేనే రాశాను

పదకొండున్నర దాటింది. లైటు వెలిగితే మా ఆయనకి నిద్ర పట్టదు, అందుకే హాల్లో కూర్చున్నాను. టెస్టులన్నీ పాసయ్యాయి, సంతోషమే. కానీ ఒక అంకె నన్ను పడుకోనివ్వడం లేదు.

నేను రాసేది లినక్స్ కెర్నల్ కోడ్. పొద్దున స్పార్స్ (కోడ్‌ని నడపకుండానే చదివి తప్పులు పట్టే టూల్) మళ్ళీ సణిగింది, అడ్రస్ స్పేస్‌లు, అంటే పాయింటర్ల మీది గుర్తులు, కలవడం లేదని. పాయింటర్‌కి (డేటా మెమరీలో ఎక్కడుందో చెప్పేదానికి) ఆర్‌సీయూ గుర్తుంది, నేను మామూలు పాయింటర్‌లా చదివేశాను. ఆర్‌సీయూ అంటే, చదువుతున్నవాళ్ళు ముగించేదాకా పాత డేటాని ఫ్రీ చేయకుండా కొత్తది పెట్టే పద్ధతి. కానీ అక్కడ డేటాని మార్చేవాళ్ళు పట్టుకునే లాక్ నా చేతిలోనే ఉంది. ఆ సంగతి దానికి తెలీదు. విసుగొచ్చి ‘ఆర్‌సీయూ డీరిఫరెన్స్ ప్రొటెక్టెడ్’ పెట్టి, షరతు ఉండాల్సిన చోట 1 అని కొట్టాను. ‘అంతా చూసుకున్నాను, నన్ను నమ్ము’ అని దాని అర్థం. వార్నింగ్ పోయింది.

అసలు కోపం ఆ టూల్ మీదే. లినక్స్ సృష్టికర్త టోర్వాల్డ్స్ 2003లో మొదలుపెట్టాడు, యూజర్ పాయింటర్లు కెర్నల్ పాయింటర్లతో కలిసిపోకుండా చూడటానికి. 2010లో ఆర్‌సీయూ గుర్తు కూడా దానికి నేర్పారు. అయినా ఈ విషయంలో అది చూసేది పాయింటర్ టైపునే. రీడ్ లాక్ (ఆర్‌సీయూలో చదివేవాళ్ళు పట్టుకునేది) వదిలేశాక అదే పాయింటర్ వాడినా కిక్కురుమనదు. అక్కర్లేని చోట గోల, కావలసిన చోట మౌనం!

ఉద్యోగంలో చేరిన ఏడాది అలాగే దెబ్బ తిన్నాను. చిన్న ఫంక్షన్. రీడ్ లాక్ తీసుకుని, పాయింటర్ చదివి, లాక్ వదిలి, పాయింటర్‌ని రిటర్న్ చేసేది. ఒక్క వార్నింగూ లేదు. నా మెషీన్‌లో ఎన్నిసార్లు నడిపినా ఏమీ అయ్యేది కాదు. బయట మాత్రం ఎప్పుడో ఒకసారి క్రాష్, ఫ్రీ అయిపోయిన మెమరీని ముట్టుకున్నందుకు. మూడు వారాలు తిప్పలు పడ్డాక తెలిసింది: నా కెర్నల్‌లో ప్రీఎంప్షన్ (నడుస్తున్న కెర్నల్ పనిని మధ్యలో ఆపి సీపీయూని వేరే పనికి ఇవ్వడం) లేదు. అలాంటి చోట రీడ్ లాక్‌కి ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా ఉండదు. ఆ సీపీయూ మరో పనికి మారేదాకా, లేదా కెర్నల్ కోడ్ బయటికి వెళ్ళేదాకా గ్రేస్ పీరియడ్ (పాత డేటాని ఫ్రీ చేసేముందు చదివేవాళ్ళ కోసం ఆగే గడువు) ముగియదు. అంటే నా తప్పుని అదృష్టం కాపాడుతూ వచ్చింది. ప్రీఎంప్షన్ ఉన్న చోట ఆ కాపలా లేదు. ‘లోపల చదివినదాన్ని బయటికి ఎందుకు తెచ్చావమ్మా?’ అన్నారు మా సీనియర్ నెమ్మదిగా. తిట్టినా బావుండేది.

ఇదంతా టైప్ చేశాక ఆలోచిస్తే, టూల్‌ని తిట్టే హక్కు నాకుందా? ఇవాళ అది అడిగింది, నేనే అబద్ధం చెప్పాను. ఇంకెవరికీ ఆ పాయింటర్ కనిపించని చోట, అంటే మొదట సెటప్ చేసేటప్పుడో చివర్లో పీకేసేటప్పుడో 1 రాస్తే సరే. ఇక్కడ రాయాల్సింది ‘ఈ లాక్ పట్టుకుని ఉన్నానా’ అనే షరతు. అప్పుడు రన్ అయ్యేటప్పుడు లాక్‌డెప్ (లాక్‌ల వాడకాన్ని తనిఖీ చేసే కెర్నల్ భాగం) అయినా తప్పుని పట్టుకుంటుంది.

అలాగని టూల్‌కి పూర్తిగా మార్కులు వేయను. పాయింటర్ ఆయుష్షుని లాక్‌తో ముడిపెట్టి, ఫంక్షన్ దాటినా వెంటాడాలి. కాకపోతే లాక్ ఎక్కడో మూడు ఫైళ్ళ అవతల తీసుకుంటాం, పిలిచేది ఫంక్షన్ పాయింటర్ ద్వారా. అన్నీ అనుమానిస్తే వార్నింగులు వరదలా వచ్చిపడతాయి, నాలాంటివాళ్ళు మళ్ళీ 1 కొడతారు.

మార్చేద్దామని ఫైల్ తెరిచి వెతికాను. ఇంకో మూడు చోట్ల ఆ 1 ఉంది. మూడూ నావే.